వల వదులు చేసిన చెయ్యి

హెన్నింగ్ తెర వైపు చూడడు. ఉపన్యాసమిచ్చేటప్పుడు తెరకు వీపు పెట్టి, జనం కళ్ళలోకి చూస్తూ మాట్లాడతాడు. వెనక బొమ్మ ఎక్కడిదాకా వచ్చిందో అతనికి తెలుసు. నేను చేసిన వీడియోలోని ప్రతి కదలికనూ సెకన్లతో సహా కంఠతా పడతాడు. మాట మధ్యలో ఎడమచెయ్యి వెనక్కి చాపితే వేలు సరిగ్గా చెప్పదలచిన చోటనే ఉంటుంది. కొత్తవాళ్ళు అది చూసి నోరెళ్ళబెడతారు. పదహారేళ్ళు హాలు చివర కంప్యూటరు ముందు కూర్చుని నేనూ చూశాను. అతన్ని పడగొట్టాలంటే కాలు అడ్డం పెట్టాల్సింది ఆ అలవాటుకే అని తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

నేను చదివింది తొమ్మిది తరగతులు. స్వీడన్‌లో ఉత్తరపు కొసన, అడవిలో ఊరు మాది. బడి మొత్తానికి పదకొండుమందిమి. మొదట్లో గుర్రప్పందాలు వీడియో తీసేవాణ్ణి. గుర్రాలకు రెండు చక్రాల బండ్లు కట్టి పరిగెత్తిస్తారు. నేను పక్కదారిన పోయే కారులో కిటికీలోంచి కెమెరా పట్టుకునేవాణ్ణి. కారు వేగం గుర్రం వేగంతో కలిసిందా, తెర మీద గుర్రం నిలబడిపోతుంది, కంచె పరిగెడుతుంది. ఏది కదిలిందో ఏది కదలలేదో చూసేవాడికి తెలియదు. హెన్నింగ్ ఒకసారి పందెం చూడ్డానికి వచ్చి ఆ వీడియో చూశాడు. మర్నాడు నన్ను తన పరిశోధన సంస్థకు పిలిచాడు.

"నా దగ్గర కదలని గుర్రాలున్నాయి, ఏవెర్ట్. వాటిని పరిగెత్తిస్తావా?" అన్నాడు.

అతని గుర్రాలు ప్రోటీన్ అణువులు. నిజానికి వాటిని పరిగెత్తించకూడదు. అణువు ఉన్నచోటే ఉంటుంది, కంప్యూటరులోని కెమెరా దాని చుట్టూ తిరుగుతుంది. నెమ్మదిగా బయల్దేరాలి, నెమ్మదిగా ఆగాలి. పూర్తి చుట్టుకు పన్నెండు సెకన్లు. అంతకన్నా తొందరపడితే ముందు వరుసలో పెద్దవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. ఈ పని నాకు తేలిగ్గానే పట్టుబడింది. చదువు అడ్డం రాలేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. సూక్ష్మదర్శిని నుంచి వచ్చేది అణువు బొమ్మ కాదు, ఒక మబ్బు. మబ్బు ఎక్కడ చిక్కగా ఉందో చూపడానికి కంప్యూటరు దానిచుట్టూ సన్నటి వల అల్లుతుంది. ఆ వల ఎంత బిగువుగా ఉండాలో మనం చెప్పాలి. బిగిస్తే, గట్టి సాక్ష్యం ఉన్నచోటనే వల నిలుస్తుంది. వదులు చేస్తే ఉత్త నలుసులకు కూడా వల పట్టుకుంటుంది. ఏమీ లేనిచోట ఏదో ఉన్నట్టు కనిపిస్తుంది. అణువు బొమ్మను లోపల మనమే గీసి పెడతాం, దానికి సాక్ష్యం చుట్టూ ఉన్న వలే. అందుకని ఒక వీడియోకు మొదట్లో ఒక బిగువు పెడితే చివరిదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఇది ఎక్కడా రాసి పెట్టలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

ఎల్నా నా చెల్లెలు. నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచానని ఊళ్ళో అంటారు. పెంచిందేం లేదు, పొద్దున్నే లేపి బస్సెక్కించేవాణ్ణి. అది చదువుకుని చదువుకుని డాక్టరేటు తెచ్చుకుని హెన్నింగ్ దగ్గరే చేరింది. మా ఇద్దరికీ ఒకే కాఫీ గది. పొద్దున తొమ్మిదిన్నరకూ మధ్యాహ్నం రెండున్నరకూ అందరూ ఆ బల్ల దగ్గరికి రావాలి. అక్కడ పెద్ద లేదు, చిన్న లేదు. హెన్నింగ్‌ను కూడా అందరూ నువ్వు అనే అంటారు. వారానికొకరు వంతు వేసుకుని కేకు తెస్తారు.

ఆ వారం ఎల్నా వంతు. చాక్లెట్ కేకు చేసింది, మధ్యలో జిగురుగా ఉండే రకం. కోస్తూ కోస్తూ అంది:

"హెన్నింగ్, ఆ గుంటలో మందు లేదు."

ఒక సూక్ష్మజీవి ప్రోటీన్‌లో ఒక గుంట ఉంది. ఆ గుంటలో మందు కుదురుకుంటే జీవి చస్తుంది. మందు కుదురుకుందని చూపించడమే హెన్నింగ్ పరిశోధన అంతా. ప్రపంచమంతా తిరిగి చెప్పుకున్నది అదే.

"లేదంటే?" అన్నాడు హెన్నింగ్ నవ్వుతూనే.

"లేదంటే లేదు. నాలుగుసార్లు లెక్క కట్టాను. అక్కడున్నవి నలుసులే."

"నీకు కనిపించలేదంటే లేదని కాదు కదా, ఎల్నా. ఏవెర్ట్, నిన్న చేసిన వీడియో వెయ్యి. అందరం కలిసే చూద్దాం. ఇక్కడ ఒకరి మాట ఒకరి మీద రుద్దడం లేదు."

నేను వేశాను. కెమెరా దూరం నుంచి వచ్చింది, గుంట అంచు దాటింది, లోపలికి దిగింది. అక్కడ మందు, ఒంటినిండా వల కప్పుకుని, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. బల్ల చుట్టూ తలలు ఊగాయి. ఎల్నా తెర దగ్గరికి వెళ్ళి చూసింది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను.

"నేనే సరిగ్గా చూడలేదేమో," అంది చివరికి.

అంతకుముందు రోజు హెన్నింగ్ నా కుర్చీ వెనక నిలబడి ఒక మాటన్నాడు. "కెమెరా దగ్గరికి పోయేటప్పుడు వల కొంచెం వదులు చెయ్యి. కంటికి ఇంపుగా ఉంటుంది."

"ఎంత?" అన్నాను.

"కనిపించేంత."

కెమెరా ముందుకు దూసుకుపోతున్నప్పుడు చూసేవాళ్ళ కన్ను కదలిక వెంటే పోతుంది. వల బిగువు మారింది చూడదు. గుర్రం వెంట పోయే కారును ఎవరూ చూడనట్టే. నేను నాలుగు సెకన్లలో మెల్లగా వదులు చేశాను. నా పనితనం అంత బాగా ఎన్నడూ కుదరలేదు. ఎందుకని అడగలేదు. అడగడం నా అలవాటు కాదు. అది నా చెల్లెలి నోరు మూయడానికని మర్నాడు కాఫీ బల్ల దగ్గర తెలిసింది. అప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజు ఎల్నా కేకు ఎవరూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు.

ఆర్నెల్లకు దాని ఉద్యోగం గడువు అయిపోయింది. పొడిగించలేదు. ఉత్తరంలో ఒక్క ముక్క రాశారు, "పరిశీలనలో తగినంత జాగ్రత్త లేదు" అని. హెన్నింగ్ పూలగుత్తి ఇచ్చి, కౌగిలించుకుని పంపాడు. మా దగ్గర మనిషిని పంపేటప్పుడు గొంతు పెంచరు. ఎల్నా లోతట్టు పల్లెలో బడిపిల్లలకు రసాయనం చెప్పుకోవడానికి వెళ్ళిపోయింది.

"నా కన్ను మంచిది కాదు, ముసలోడా," అంది బస్సెక్కుతూ. నాకు ముప్ఫైతొమ్మిది దాటినప్పటి నుంచీ అది నన్ను ముసలోడా అనే పిలుస్తుంది. "అందరికీ కనిపించింది నాకు కనిపించలేదు. అలాంటిదానికి ఈ పని ఎందుకు?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. బస్సు తలుపు మూసుకుంది.

ఆ రోజు నుంచి హెన్నింగ్ మీద కక్ష కట్టాను. అతని ఎదుటే కూర్చుని కాఫీ తాగాను. చెప్పిన పనల్లా చేశాను. ఆ తర్వాత ఇంకో ఆరు వీడియోల్లో కూడా వల వదులు చెయ్యమన్నాడు, చేశాను. ఒక్కొక్కటీ ఏ రోజు చేశానో, ఎంత వదులు చేశానో నాకు గుర్తే. సెప్టెంబరులో ఊరంతా కలిసి పెద్ద దుప్పుల వేటకు పోతాం. చెట్టు మొదట్లో కదలకుండా కూర్చోవాలి. దుప్పి మనవైపే నడిచొచ్చినా తుపాకీ ఎత్తకూడదు. ఎదురురొమ్మున కొడితే గాయపడి పారిపోతుంది. పక్కకు తిరగనివ్వాలి. ఒక్కోసారి మూడు రోజులు తిరగదు. నాకది కొత్త కాదు.

"ఏవెర్ట్‌ని అడక్కండి," అనేవాడు హెన్నింగ్ కాఫీ బల్ల దగ్గర. "గుర్రాల దగ్గర పెరిగాడు. తలే ఊపుతాడు."

అందరూ నవ్వేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి. ఇంకా నవ్వేవాళ్ళు.

ఈ ఏడు ఏప్రిల్లో అతనే వచ్చాడు. మే నెలలో బయటి నుంచి అయిదుగురు పరిశీలకులు వస్తున్నారు. ఇంకో పదేళ్ళు హెన్నింగ్ విభాగం ఉండాలో వద్దో వాళ్ళు తేల్చాలి. బహిరంగ ఉపన్యాసం, ఎవరైనా రావచ్చు, ఎవరైనా అడగవచ్చు.

"హాల్లో కొత్త తెర పెట్టారు. పాత వీడియో దానిమీద మసకగా ఉంటుంది. గుంట వీడియో మళ్ళీ చెయ్యి. నిడివి మాత్రం మార్చకు, నా మాటలన్నీ దాని ప్రకారమే ఉన్నాయి."

"సరే."

"అంతా అదే కదా?"

"చివర్లో కెమెరాను ఒక పూర్తి చుట్టు తిప్పుతాను. నిడివి అంతే."

"మంచిదే. చుట్టంటే జనానికి ఇష్టం."

రెండు వారాలు చేశాను. కెమెరా అదే దూరం నుంచి బయల్దేరుతుంది, అదే అంచు దాటుతుంది, అదే గుంటలోకి దిగుతుంది. మందును తీసెయ్యలేదు. అది వచ్చే క్షణానికే వస్తుంది. నేను చేసిందల్లా ఒకటే. వల బిగువు మొదట్లో పెట్టి, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ప్రోటీన్ అంతా ఒంటినిండా వల కప్పుకుని ఉంది. మందు ఒక్కటే నూలుపోగు లేకుండా శూన్యంలో వేలాడుతోంది. దాని చుట్టూ పన్నెండు సెకన్లు కెమెరా తిరుగుతుంది, నాలుగు దిక్కులా చూసుకోండి అన్నట్టు.

హెన్నింగ్‌కు చూపించాను. మొదటి పది సెకన్లు చూశాడు. భుజం తట్టాడు. ఫోను మోగితే వెళ్ళిపోయాడు. చూసి ఉంటే నా మూడేళ్ళు పోయేవి. చూడడని తెలుసు.

ఎల్నాకు ఫోను చేశాను.

"బుధవారం పది గంటలకు ఇక్కడికి రా."

"నాకు బడి ఉంది."

"సెలవు పెట్టు."

"ఎందుకు? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు."

"హెన్నింగ్ ఉపన్యాసానికా? నాకు ఆ మొహం చూడాలని లేదు, ఏవెర్ట్."

"మొహం చూడనక్కర్లేదు, పిల్లా. తెర చూడు చాలు."

అది వస్తే, దాని ఎదుటే నా సంగతి కూడా బయటపడవచ్చని నాకు తెలుసు. కొత్త వీడియోలో మందు బట్టల్లేకుండా ఉంటే, పాతదానికి బట్టలు తొడిగిందెవరు అన్న మాట వస్తుంది. రాకుండానూ పోవచ్చు. ఎల్నా కళ్ళముందు అతను పడిపోవాలి. దానికోసం ఆ గండాన్ని పక్కన పెట్టాను.

బుధవారం హాలు నిండింది. పరిశీలకులు ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్ళ పెద్ద కైసా, ఫిన్లాండ్ మనిషి. పొట్టిగా, తెల్లజుట్టుతో, ఒళ్ళో అల్లిక పని పెట్టుకుని కూర్చుంది. మా దేశాల్లో సభల్లో అల్లుకునే ఆడవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. ఎల్నా మూడో వరుసలో చివర కూర్చుంది, బడికి వేసుకునే నీలం కోటుతోనే. నన్ను చూసి చెయ్యి ఊపింది.

హెన్నింగ్ బాగా మాట్లాడాడు. ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. ఇరవయ్యో నిమిషంలో నాకేసి తల ఊపాడు. వేశాను.

"రండి, లోపలికి వెళ్దాం," అన్నాడు జనంతో, తెరకు వీపు పెట్టి. "ఇది గుంట అంచు. ఇప్పుడు దిగుతున్నాం. కంగారు పడకండి, పడిపోము." రెండు మూడు నవ్వులు. "అదిగో."

ఎడమచెయ్యి వెనక్కి చాపాడు. వేలు సరిగ్గా చోటుమీదే ఉంది.

"చూడండి, ఎంత కుదురుగా కూర్చుందో! తనకోసమే చేసిన కుర్చీలో కూర్చున్నట్టు. చుట్టూ ఎంత గట్టిగా పట్టుకుందో చూశారా? ఎక్కడా సందు లేదు. సందేహానికీ లేదు."

తెర మీద మందు ఒంటరిగా, దిసమొలతో, తిరుగుతోంది. తిరుగుతోంది అనుకుంటారు, తిరిగేది నా కెమెరా. కైసా అల్లిక ఆపింది. ఆవిడ పక్కనున్నాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. హెన్నింగ్ అది తన మాటకేననుకుని చిరునవ్వు నవ్వాడు. నేను సెకన్లు లెక్కపెడుతున్నాను. నాలుగు. అయిదు. నా జీవితంలో అంత రుచిగా గడిచిన కాలం ఇంకోటి లేదు. ఎనిమిది. ఎల్నా రెండు చేతులతో ముందు కుర్చీ పట్టుకుని ముందుకు వంగింది. పదకొండు. పన్నెండు.

"హెన్నింగ్," అంది కైసా. "ఒక్కసారి నువ్వు కూడా తెర చూస్తావా?"

తిరిగి చూశాడు. పదహారేళ్ళలో మొదటిసారి. చాలాసేపు చూశాడు. ఇటు తిరిగేసరికి మళ్ళీ మామూలు మొహం పెట్టుకున్నాడు.

"క్షమించండి. సాంకేతికమైన పొరపాటు. మా ఏవెర్ట్ ఒక మెట్టు మరిచిపోయాడు."

"ఏ మెట్టు?"

"చిన్నదే. దగ్గరికి వెళ్ళేటప్పుడు వల కాస్త వదులు..."

అక్కడ ఆగాడు. ఆగినా లాభం లేదు, మాట నోరు దాటింది.

"దగ్గరికి వెళ్ళేటప్పుడు," అంది కైసా మెల్లగా, "వల వదులు చేస్తారా?"

"చెయ్యరు. అంటే, మేమెప్పుడూ... అది వీడియో చేసేవాళ్ళ పద్ధతి. ఏవెర్ట్ పద్ధతి. నేను బొమ్మల్లో జోక్యం చేసుకోను."

ఇలా పక్కకు తిరుగుతాడనుకోలేదు. నా మీదికే తోసేసి బయటపడే దారి దొరికింది అతనికి. కైసా వెనక్కి తిరిగింది. హాలంతా తిరిగింది. ఎల్నా కూడా.

"నువ్వేనా ఏవెర్ట్? పాత వీడియోలో వల వదులు చేశావా?"

తెలియదు అంటే చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. ఊపడం నాకు అలవాటే. అప్పుడు హెన్నింగ్ మూడు నెలలు అవమానపడి మళ్ళీ లేస్తాడు. ఎల్నాకు తన కన్ను మంచిదేనని మాత్రం తెలుస్తుంది, అన్న మంచివాడుగానే ఉండిపోతాడు. నేను ఎల్నా వైపు చూడలేదు. హెన్నింగ్ వైపు చూశాను.

"చేశాను," అన్నాను. "నాలుగు సెకన్లలో. నా చేత్తోనే. ఎంత వదులు చెయ్యాలని అడిగితే, కనిపించేంత అన్నాడు. ఆ ఒక్కటే కాదు. మొత్తం ఏడు. ఈ కంప్యూటరులో అన్నీ ఉన్నాయి. ప్రతిదానిలో బిగువు ఎంత మారిందో అదే రాసుకుంది. కావాలంటే ఇప్పుడే వేస్తాను."

హెన్నింగ్ ఎత్తుబల్ల అంచు పట్టుకున్నాడు. మెడ దగ్గర నుంచి ఎరుపు మెల్లగా పైకి పాకింది. అది ఎంత నెమ్మదిగా బయల్దేరిందో, ఎంత నెమ్మదిగా ఆగిందో చూస్తూ ఉండిపోయాను.

"వెయ్యి," అంది కైసా.

మొదటిది వేశాను. రెండోది వేస్తుండగా మూడో వరుసలో కుర్చీ చప్పుడైంది. నీలం కోటు తలుపు దాటిపోయింది.

బస్సు దగ్గర పట్టుకున్నాను. నదిలో ఆఖరి మంచుపెళ్ళలు కొట్టుకుపోతున్నాయి. ఎల్నా వాటినే చూస్తోంది.

"చూశావా?" అన్నాను. "వాడి పని అయిపోయింది."

"మూడేళ్ళు నా కళ్ళని నేను నమ్మలేదు, ఏవెర్ట్. పిల్లల పరీక్షనాళికలో రంగు మారినా పక్కనున్న టీచరును పిలిచి అడిగేదాన్ని, నీలమేనా అని."

"వాడు చేయించాడు."

"చిన్నప్పుడు వాడు నా చేతులు పట్టుకుని బస్సెక్కించాడా రోజూ? వాడు అబద్ధమాడితే నాకేం, వాడు నాకెవడు? నువ్వు ఆ రోజు రెండోసారి కూడా వేశావు. నేను వెయ్యమంటే వేశావు. నా మొహం చూస్తూ."

"నీకోసమే ఇవాళ..."

"ఆ మాటనకు. ఇవాళ నువ్వు నీకోసం చేసుకున్నావు. మొహం ఎలా వెలిగిపోతోందో అద్దంలో చూసుకో పో."

వెళ్ళిపోయింది. నిజమే, మొహం వెలుగుతూనే ఉంది. దాచుకోవడానికి నాకు చేతకాలేదు.

విచారణ కమిటీ వేశారు. హెన్నింగ్ గది తలుపుకు తాళం పడింది. నన్నూ ఇంటి దగ్గర ఉండమన్నారు. రెండో శనివారం ఎల్నా వచ్చింది. గడప దగ్గర బూట్లు విప్పలేదు. అలాగే లోపలికి నడిచి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. మా వైపు అప్పులవాళ్ళు కూడా బూట్లు విప్పుతారు. కాఫీ పోశాను. కప్పు పక్కకు జరిపి కాగితాలు పెట్టింది.

"కమిటీ నన్ను అడిగింది, అప్పట్లో ఏం జరిగిందో రాసివ్వమని. నాకు తెలిసింది రాశాను. మిగతాది నీకు తెలుసు. నువ్వు చెప్పు, నేను రాస్తాను. సంతకం నీది."

"మళ్ళీ ఆ ఉద్యోగం ఇస్తామన్నారా?"

"అది నీకనవసరం. మొదటి వీడియో. ఏ తేదీ?"

చెప్పాను.

"వల ఎక్కడి నుంచి ఎక్కడికి?"

చెప్పాను. అంకెలతో సహా చెప్పాను.

"తప్పని అప్పుడే తెలుసా?"

కలం కాగితం మీద పెట్టి ఎదురుచూసింది. మొహం ఎత్తలేదు. తెలియదని రాస్తే నా ఉద్యోగం ఉండిపోవచ్చు, చదువు లేనివాడు, చెప్పింది చేశాడు అంటారు. హెన్నింగ్ మాత్రం దాన్ని పట్టుకుని మళ్ళీ పైకి పాకుతాడు, ఇద్దరికీ తెలియదు, ఎవరి తప్పూ లేదు అని.

"తెలుసు," అన్నాను. "వాడికీ తెలుసు. నాకు తెలుసని కూడా వాడికి తెలుసు. అలాగే రాయి."

అలాగే రాసింది. చల్లారిన కాఫీ కప్పును ఇంకొంచెం దూరం జరిపి, కాగితం తిప్పింది.

"రెండోది," అంది.